పళ్ల క్లినిక్‌లో సెలైన్ సీసా సంగతి

సంపాదకులకు,

పన్ను పీకించుకోవడానికి వెళ్లినవాళ్లు డాక్టరు గ్లౌజులు తొడుక్కున్నారా, మాస్కు పెట్టుకున్నారా అని చూస్తారు. కోవిడ్ తర్వాత ఆ రెండింటికీ పెద్దగా లోటు లేదు. నోట్లోకి చిమ్మే నీళ్లను, ఆ నీళ్లు వచ్చే హ్యాండ్‌పీస్‌ను (పన్ను చెక్కే చేతి పరికరాన్ని) మాత్రం ఎవరూ పట్టించుకోరు.

తమిళనాడులోని వాణియంబాడిలో 2023లో ఒకే పళ్ల క్లినిక్‌కు వెళ్లిన 10 మందికి, మట్టిలో, నీళ్లలో ఉండే ఒక బాక్టీరియా తెచ్చే మెలియాయిడోసిస్ జబ్బు మెదడుకు పాకింది. వాళ్లలో 8 మంది చనిపోయారు. అక్కడ సెలైన్ సీసాను చిగుళ్లను విడదీసే ఎలివేటర్ అనే పనిముట్టుతోనే తెరిచి, దూదితో మూసి, మళ్లీ మళ్లీ వాడారని దర్యాప్తులో తేలింది. వాడుతున్న సీసాలోనే ఆ బాక్టీరియా జాడ దొరికింది. హైదరాబాద్‌లోనూ మూతకు సూది గుచ్చి అలాగే వదిలేసిన సీసా ట్రే పక్కన సాయంత్రం దాకా ఉండటం అరుదేమీ కాదు. 500 మి.లీ. సీసా తెరిస్తే మిగిలింది పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. కాబట్టి 100 మి.లీ. సీసాలే కొనాలి. ఒక పేషెంటుకు ఒక సీసా, మిగిలింది సింకులోకి. జ్ఞానదంతం తీసేటప్పుడు, ఇంప్లాంట్ పెట్టేటప్పుడు స్టెరైల్ (క్రిములు లేని) సెలైనే వాడాలి. కుర్చీ గొట్టంలో వచ్చే నీళ్లు పనికిరావు.

ఆ గొట్టాలు మరీ సన్నవి. రాత్రంతా నీళ్లు కదలకుండా ఉంటే లోపలి గోడకు జిగురు పొరలా బయోఫిల్మ్ పడుతుంది. పొద్దున కాసేపు నీళ్లు వదిలితే క్రిములు తాత్కాలికంగా తగ్గుతాయే గానీ పొర ఊడిరాదు. దానికి తయారీదారు చెప్పిన మందును, చెప్పిన గడువుకల్లా గొట్టాల్లో నడపాల్సిందే. నీటిని ల్యాబులో పరీక్షిస్తే మిల్లీలీటరుకు 500 బాక్టీరియా కాలనీలు దాటకూడదు. బోరు నీళ్లు నేరుగా కుర్చీకి కలిపిన చోట ఈ లెక్క నిలుస్తుందనుకోను.

ఇక హ్యాండ్‌పీస్. నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరిగే దాని టర్బైన్ ఆగిన క్షణంలో ఉమ్మిని, రక్తాన్ని లోపలికి లాక్కోగలదు. పైన స్పిరిట్ దూదితో తుడిస్తే లోపలి మురికికి ఏమవుతుంది? ప్రతి పేషెంటు తర్వాత 20 నుంచి 30 సెకన్లు నీళ్లూ గాలీ వదిలి, విప్పి, తుడిచి, నూనె వేసి, ఎక్కువైన నూనె పోయేదాకా తిప్పి, కాగితపు పౌచ్‌లో పెట్టి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిలో ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) వేడి చేయాలి. బేరింగులు పాడవుతాయని కొందరు వెనకాడతారు. నూనె వేయకుండా వేడి పెడితే పాడవుతాయి మరి. అసలు కొరత హ్యాండ్‌పీసులది. ఆరబెట్టడంతో కలిపి ఒక విడతకు ముప్పావు గంట పట్టే చోట రెండే హ్యాండ్‌పీసులతో క్లినిక్ నడిపితే తుడిచి వాడటం తప్ప దారి ఉండదు.

ఆటోక్లేవ్‌లోనూ తప్పులు జరుగుతాయి. పౌచ్‌లను ఒకదానిపై ఒకటి కుక్కితే ఆవిరి లోపలికి పోదు. తడిగా బయటికి తీస్తే కాగితం గుండా క్రిములు లోపలికి దిగుతాయి. డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోస్తే వాల్వులకు తెల్ల పొలుసు కడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ విడతను మళ్లీ మొదటి నుంచి నడపాలి. పౌచ్ మీది గుర్తు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. క్రిమి చచ్చిందో లేదో చెప్పేది వేడికి తేలిగ్గా చావని క్రిమిబీజాలతో (స్పోర్లతో) వారానికోసారి చేసే స్పోర్ పరీక్ష. నీళ్లలో మరిగించే బాయిలర్, నీలి దీపం వెలిగే యూవీ పెట్టె స్టెరిలైజర్లు కావు. క్రిములను చంపే మందు గ్లూటరాల్డిహైడ్ 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ముంచినా స్పోర్లు చావవు, వాటికి దాదాపు 10 గంటలు కావాలి.

ఈ పనిముట్లు కడిగే సహాయకురాలికి పల్చటి లేటెక్స్ గ్లౌజులిచ్చి ఊరుకుంటారు. ఆమెకు మందపాటి రబ్బరు గ్లౌజులు, 0, 1, 6 నెలల్లో మూడు డోసుల హెపటైటిస్ బి టీకా యజమానే ఇప్పించాలి. ఎండిన రక్తంలో ఆ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది.

జిల్లా వైద్యాధికారులకు ఒక విన్నపం. క్లినిక్ రిజిస్ట్రేషన్ పునరుద్ధరించేటప్పుడు చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పంద పత్రం ఒక్కటే చూసి సరిపెట్టకండి. స్పోర్ పరీక్షల రిజిస్టరు, నీటి పరీక్ష రిపోర్టు అడగండి. హ్యాండ్‌పీసులెన్ని ఉన్నాయో, రోజుకు పేషెంట్లెందరో పక్కపక్కన రాయించండి.

– ఒక దంతవైద్యుడు, హైదరాబాద్