నల్ల జాక్, నారింజ జాక్: మా సినిమా పెట్టెల్లో జరిగిన తప్పు

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య మా దగ్గర సినిమా పెట్టె కొన్నవాళ్ళు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. (హోం థియేటర్ పీసీకి ఆ పేరు పెట్టింది మీరే, బిల్లు మీద కూడా ఇప్పుడు మేం అదే రాస్తున్నాం.) ఆ నాలుగు నెలల్లో ముప్ఫై మదర్‌బోర్డులు తెప్పించాం, ఇరవై మూడు పెట్టెలు అమ్మాం. ఇరవై మూడింటిలోనూ ఒకటే లోపం. 5.1 అంటే ఐదు స్పీకర్లూ, బరువైన శబ్దాలకి ఒక సబ్‌వూఫరూ. ఆకుపచ్చ జాకు ముందు స్పీకర్లకి, నల్లది వెనకవాటికి, నారింజది సెంటరుకీ సబ్‌వూఫరుకీ. అలాంటి 5.1 స్పీకర్లని మూడు వైర్లతో పెట్టె వెనక జాకుల్లో పెట్టుకున్నవాళ్ళకి, సెంటర్ స్పీకర్లో రావాల్సిన మాటలు వెనక నుంచి వస్తాయి. టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతోనో, ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ వైరుతోనో కలుపుకున్నవాళ్ళకి ఈ తిప్పలు లేవు. రెండే స్పీకర్లున్నవాళ్ళకీ లేవు. వాళ్ళు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ముందు నా తప్పు చెప్తా.

దసరా సెలవుల్లో తెనాలి నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. రెండు నెలలుగా మా పెట్టెలో పాత సినిమాలు చూసుకుంటున్నారు, ఏ ఇబ్బందీ లేదు. ఎందుకుంటుంది, ఆ ప్రింట్లలో సౌండంతా ముందు రెండు స్పీకర్లకే వెళ్తుంది. సెలవులకొచ్చిన మనవడు 5.1 సౌండున్న కొత్త సినిమా ఒకటి పెట్టాడు. "బాబూ, ఆ అమ్మాయి తెర మీద ఎదురుగానే ఉంది, మాట మాత్రం నా కుర్చీ వెనక ఎడమ చెవి దగ్గర వినపడుతోంది. కుడి పక్కన మాట కూడా లేదు, గ్రైండర్లో పప్పు వేసినట్టు ఒకటే గుడగుడ" అన్నారు.

ఆయన అంత వివరంగా చెప్పినప్పుడే నాకు వెలగాలి. సెంటరూ సబ్‌వూఫరూ ఒకే జాకులో నుంచి వస్తాయి, ఒక వైపు మాట, ఇంకో వైపు గుడగుడ. ఆ జాకు సౌండ్ మొత్తంగా వెనక స్పీకర్లకి వెళ్తోందని ఆయన విడమరిచి చెప్తుంటే నేను విన్నది మాత్రం "పెద్దాయన వైర్లు తప్పు పెట్టాడు" అని. "మాస్టారూ, నల్ల వైరూ నారింజ వైరూ అటుదిటు పెట్టి ఉంటారు, ఒకసారి మార్చి చూడండి" అన్నాను. మార్చారు, సరిపోయింది. "వయసైపోయింది బాబూ, కళ్ళు ఆనడం లేదు" అని ఆయనే నొచ్చుకున్నారు. పని అయిపోయిందని ఫోన్ పెట్టేసి టీ తాగాను.

తర్వాత నరసరావుపేట నుంచి ఒకరు, చిలకలూరిపేట నుంచి ఒకరు, ఇక్కడే గుంటూరులో ఇంకొకరు. ముగ్గురికీ అదే చెప్పా. ఆ నాలుగో ఆయన వైర్లు ఫాల్స్ సీలింగ్ పైనుంచి లాగించుకున్న మనిషి, ప్రతి కొసకీ తనే చీటీ కట్టుకున్నాడు. "నేను తప్పు పెట్టలేదు, మీరే చూడండి" అని వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ఆకుపచ్చలో ఆకుపచ్చ, నలుపులో నలుపు, నారింజలో నారింజ. అదే సాయంత్రం స్టేటస్‌లో పెట్టాడు: "మా బ్రాడీపేట పెట్టె వీపు వెనక మాట్లాడుద్ది." మా నాన్న రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసిన కుర్చీలోనే నేనూ కూర్చుంటున్నా. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

షాపులో మిగిలిన ఏడింటిలో ఒకటి తీసి ఆరు స్పీకర్ల టెస్టు నడిపాం. ఒక్కో స్పీకరు పేరూ ఆ స్పీకర్లోనే గొంతు పలుకుతుంది, రెండు నిమిషాల పని. "ఫ్రంట్ సెంటర్" అనే గొంతు వెనక నుంచి వచ్చింది. ఈ టెస్టు ఒకప్పుడు ప్రతి పెట్టెకీ చేసేవాళ్ళం. రెండేళ్ళుగా అదే మోడల్ బోర్డు, ఎప్పుడూ తేడా రాలేదు కదా అని జూన్ రద్దీలో మానేసి, పాట పెట్టి విని పంపించేశాం. పాటది స్టీరియో. దాంట్లో ఈ తప్పు ఎంత వెతికినా దొరకదు.

అసలు జరిగిందేంటో కూడా చెప్తా, ఎందుకంటే సప్లయర్ దీన్ని "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్" అని కొట్టిపారేశాడు, మీకూ ఎవరైనా అలాగే చెప్పొచ్చు. బోర్డు మీద సౌండ్ చిప్ ఉంటుంది. దాని ఏ పిన్ను ఏ జాకు దగ్గర తేలిందో చిప్‌కి తెలీదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరుకీ తెలీదు. అది బోర్డు తయారుచేసినవాళ్ళు బయాస్‌లో (పెట్టె ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డు మీదే ఉండే సాఫ్ట్‌వేరులో) రాసిపెట్టాలి. ఇంటెల్ 2004లో తెచ్చిన హై డెఫినిషన్ ఆడియో పద్ధతిలో ప్రతి పిన్నుకీ ఎనిమిది అంకెల చీటీ ఒకటుంటుంది. మా పాత బోర్డుల్లో నారింజ జాకు చీటీ 01016011. నల్ల జాకుది 01011012. ఎడమ నుంచి ఐదో అంకె రంగు: 6 అంటే నారింజ, 1 అంటే నలుపు. ఏడోది ఏ గుంపో చెప్తుంది. ఎనిమిదోది ఆ గుంపులో ఎన్నో స్థానమో చెప్తుంది: 0 ముందు స్పీకర్లు, 1 సెంటరూ సబ్‌వూఫరూ, 2 వెనక స్పీకర్లు.

కొత్త బోర్డుల్లో నారింజది 01016012. నల్లది 01011011.

అంతే. చివరి అంకెలు రెండూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి. మా పెట్టెల్లో విండోస్ బదులు వేసేది లినక్స్. లినక్స్ డ్రైవరు రంగు చూసి పేరు పెట్టదు, ఆ చివరి అంకె చూసి వరస కడుతుంది. దాని లెక్కలో 1 ఉన్న నల్ల జాకే సెంటరు. బోర్డు చెప్పిందే అది నమ్మింది, దాన్ని తిట్టి లాభం లేదు. నేను మాత్రం మొదట దాన్నే తిట్టా. ఆ డ్రైవర్లో ఒక మెలిక ఉంది. చీటీల్లో వరస ముందు, సెంటరు, వెనక. లినక్స్ లోపలి వరస ముందు, వెనక, సెంటరు. అందుకని డ్రైవరు కావాలనే రెండోదాన్నీ మూడోదాన్నీ అటుదిటు చేసుకుంటుంది. తప్పు అక్కడే ఉందనుకుని రెండు రాత్రులు తగలేశాను. మా మేనల్లుడు పాత బోర్డు చీటీలూ కొత్త బోర్డు చీటీలూ పక్కపక్కన ప్రింటు తీసి నా ముందు పెట్టాడు. పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇక సప్లయర్ సంగతి. పేరు చెప్పను. ఎనిమిదేళ్ళ వ్యాపారం, నా చెక్కు ఒక్కటీ వెనక్కి వెళ్ళలేదు. ఇన్‌వాయిస్ మీద పాత మోడల్ నంబరే, రేటూ అదే. బోర్డు మాత్రం కొత్త రివిజన్. ఆ ముక్క బోర్డు మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, మాకెవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే "విండోస్‌లో బానే ఉందిగా సార్" అన్నారు. నిజమే, విండోస్ వేసి చూస్తే బానే ఉంది, కంపెనీ డ్రైవరు తన పట్టీ తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి. బయాస్‌లో రాసిన తప్పు దానికి అడ్డు రాదు. "మా కస్టమర్లకి ఇచ్చేది లినక్స్ అని మీకు ఎనిమిదేళ్ళుగా తెలుసు కదా" అన్నా. స్పీకర్ల ఫొటో పంపమన్నారు. పంపా. వీడియో పంపమన్నారు. వెనక నుంచి మాట వస్తోందని వీడియోలో ఎలా చూపించాలో చెప్పండి అంటే, "సార్ జోక్ చేస్తున్నారు" అన్నారు.

తర్వాత "బయాస్ అప్‌డేట్ వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం తొమ్మిది వారాలకి వచ్చింది. పని మానుకుని కూర్చుని వేశాం. తేదీ మారింది, కొత్త ప్రాసెసర్లకి సపోర్ట్ చేర్చారు, ఆ రెండు అంకెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మిగిలిన ఏడు బోర్డులూ వెనక్కి పంపితే వారం తర్వాత "లోపం కనపడలేదు" అనే స్టిక్కరు అంటించుకుని తిరిగొచ్చాయి, కొరియర్ ఖర్చు మా ఖాతాలో. ఆఖర్న, తర్వాతి ఆర్డర్‌లో బోర్డుకి 200 రూపాయలు తగ్గిస్తాం అన్నారు. తర్వాతి ఆర్డర్ లేదన్నాను. నాకు కావాల్సింది డిస్కౌంట్ కాదు, "అవును, మా బోర్డులో తప్పు రాశారు" అనే ఒక్క మాట. అది ఇవాళ్టికీ రాలేదు. మా ఆవిడ మొండితనం అంటుంది. అయితే అవనీండి.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన విషయానికొస్తా. తప్పు దొరికాక, దాన్ని ఎలా సరిచేయాలి?

మేనల్లుడు అప్పటికే స్టిక్కర్లు కత్తిరించి పెట్టాడు. "మావయ్యా, నల్ల జాకు మీద నారింజ స్టిక్కరు, నారింజ మీద నల్లది. ఐదు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు" అన్నాడు. ఒప్పుకోబోయాను. కానీ ఆ పెట్టెలో రేపెవరైనా విండోస్ వేస్తే మళ్ళీ తారుమారు. ఇంకో రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి స్టిక్కరు చూసి నా గురించి ఏమనుకుంటాడు? నాన్న ఆంప్లిఫయర్ వెనక జాకుల పేర్లు సన్న బ్రష్షుతో రాసేవాడు. ఆ కుర్చీలో కూర్చుని నేను అబద్ధం అంటించలేను.

రెండో దారి, సాఫ్ట్‌వేర్లోనే పైన ఎక్కడో సెంటర్నీ వెనకవాటినీ అటుదిటు మార్చేయడం. ఇది గంటలో పనిచేసింది. పెన్ డ్రైవులు కూడా సిద్ధం చేశాం. పంపడానికి ముందు రాత్రి పడుకున్నాక బుర్రలో పడింది: రేపు ఆ కంపెనీకి బుద్ధొచ్చి బయాస్ సరిచేస్తే? లేదా లినక్స్ అప్‌డేట్‌లో ఎవరైనా ఈ బోర్డుని సరిచేస్తే? అక్కడ సరైనదాన్ని మన మార్పు మళ్ళీ తిప్పేస్తుంది. మీరు ఏమీ ముట్టుకోకుండానే ఒక రోజు పొద్దున్నే మాట మళ్ళీ వీపు వెనక్కి వెళ్తుంది, ఎందుకో నాక్కూడా వెంటనే తట్టదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ మహానుభావులు పాత రివిజన్‌కీ కొత్త రివిజన్‌కీ డ్రైవరు చూసే గుర్తింపు నంబరు ఒకటే పెట్టారు. పొరపాటున పాత మంచి పెట్టెలో ఈ పెన్ డ్రైవు పెడితే, బాగున్నది చెడిపోతుంది.

గుడి బయట చెప్పులున్నాయనుకోండి. తారుమారుగా ఉన్న జతని అటుదిటు మారిస్తే సరిపోతుంది, సరిగ్గా ఉన్న జతని మారిస్తే చెడుతుంది. అదే ఎడమదాని మీద ఎడమ అనీ, కుడిదాని మీద కుడి అనీ రాస్తే, ఎన్నిసార్లు రాసినా చెడేదేం లేదు. తెల్లవారుజామున లేచి, సిద్ధం చేసిన పెన్ డ్రైవులన్నీ చెరిపేశాను. మేనల్లుడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

చేసింది ఏంటంటే, ఆ రెండు పిన్నులకీ సరైన చీటీలు, 01016011, 01011012, ఒక చిన్న ఫైలులో రాసి డ్రైవరుకి ఇచ్చాం. లినక్స్ డ్రైవరు మనం రాసి ఇచ్చినదానికి మొదటి స్థానం ఇస్తుంది, ఆ తర్వాత తన సొంత దిద్దుబాట్లకి, ఆఖరికి బయాస్‌కి. రేపు బయాస్ మారినా, లినక్స్‌లో దిద్దుబాటు వచ్చినా, అందరూ ఒకే అంకె చెప్తారు, గొడవ లేదు. పాత పెట్టెలో వేసినా నష్టం లేదు. పాత రెండింటిలో, కొత్త ఏడింటిలో, అప్‌డేట్లకి ముందూ తర్వాతా ఆరు స్పీకర్ల టెస్టు నడిపి చూశాం. ఇదే దిద్దుబాటు లినక్స్ సౌండ్ డ్రైవర్లు చూసేవాళ్ళకీ రాసి పంపాం. వాళ్ళు తీసుకుంటే ఈ బోర్డు వేరే షాపుల్లో కొన్నవాళ్ళకి కూడా అప్‌డేట్‌తో పాటు సరైపోతుంది. వేరే షాపుల వాళ్ళకి మనం ఫ్రీ సర్వీసు ఎందుకు అని మేనల్లుడి గొణుగుడు.

మీరు చేయాల్సింది తక్కువే. బిల్లు నంబరు వాట్సాప్ చేయండి, పెన్ డ్రైవు మా ఖర్చుతో వస్తుంది, లేదా ఫోన్‌లో ఉండి మేమే చేస్తాం. పెట్టె షాపుకి పంపాలనుకుంటే ఆర్టీసీ కార్గో రానూపోనూ మాదే. నమ్మకం పోయింది, వద్దు అంటే పెట్టె తీసుకుని డబ్బులిచ్చేస్తా, మొహం మాడ్చుకోను. కొత్త పెట్టెలకి వేరే కంపెనీ బోర్డు వాడుతున్నాం, అందుకని ధర 900 పెరుగుతుంది. ఇకనుంచి ప్రతి పెట్టెతో పాటు ఆరు స్పీకర్ల టెస్టు చేసిన తేదీ, చేసినవాళ్ళ సంతకం ఉన్న కాగితం ఉంటుంది. సంతకం లేకపోతే తీసుకోకండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. నా మాట విని వైర్లు మార్చుకున్నవాళ్ళున్నారు, నాకు చెప్పకుండా సొంతంగా మార్చుకున్నవాళ్ళు ఇంకెందరో. పెన్ డ్రైవు పెట్టే ముందు నల్ల వైరు నల్ల జాకులోకి, నారింజది నారింజలోకి తిరిగి పెట్టేయండి. లేకపోతే మేం సరిచేశాక మీకు మళ్ళీ తారుమారవుతుంది. తెనాలి మాస్టారికి ఇది ఫోన్‌లో చెప్పదలుచుకోలేదు. ఆదివారం షాపు మూసి నేనే వెళ్తున్నా. ఆయన కళ్ళకేమీ కాలేదని ఎదురుగా కూర్చుని చెప్పాలి.