తూకం మిషను లేని చోట నూరేళ్ల ఆయుష్షా?

సంపాదకులకు,

నూరేళ్లు బతకడమెలాగో వృద్ధులకు చెబుతూ పోయిన వారం మీరు వేసిన అరపేజీ వ్యాసం చదివాను. ఉప్పు తగ్గించాలట, పొద్దున్నే నడవాలట. మురుగు పొంగే మా పర్లాకిమిడి వీధుల్లో ఎక్కడ నడవాలో కూడా రాసి ఉంటే బాగుండేది. పక్కనే వయోవృద్ధుల శిబిరానికి రిబ్బను కత్తిరిస్తున్న అధికారి ఫోటో!

ఆయుష్షు లెక్క డెబ్బయ్యో ఏట మొదలవుతుందని వీరికెవరు చెప్పారు? ఇంగ్లండు, స్కాట్లండు, స్వీడన్ల మరణాల పట్టికలు చూసి, ఒక తరం ఎంతకాలం బతుకుతుందన్నది ఆ తరం చిన్ననాటి పరిస్థితులను బట్టి ఉంటుందని స్కాట్లండు శాస్త్రవేత్త కెర్మాక్ బృందం 1934లోనే వాదించింది. ఆ తర్వాత డేవిడ్ బార్కర్ అనే వైద్య పరిశోధకుడు ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మంత్రసానులు రాసిపెట్టిన పాత రిజిస్టర్లు వెతికి తీశాడు. ఏడాది వయసులో బరువు బాగా తక్కువగా ఉన్న మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని తేలింది. 1944-45 కరువులో డచ్చి తల్లుల కడుపున పడ్డవారికీ నడివయసులో గుండెజబ్బులు ఎక్కువే.

అక్కడ మంత్రసాని రాసిన తూకం దశాబ్దాల తర్వాత కూడా శాస్త్రానికి పనికొచ్చింది. మా వార్డు అంగన్‌వాడీలో తూకం మిషను చెడిపోయి చాలా కాలమైంది. రిజిస్టరులో మాత్రం ప్రతి బిడ్డా నెలనెలా క్రమం తప్పకుండా బరువు పెరుగుతోంది! కార్యకర్తను అనలేం. అద్దె వరండాలో పిల్లలకు వండిపెట్టాలి, ఛతువా (పోషకాహార పిండి) పొట్లాలు పంచాలి, ఎన్నికల జాబితాలూ రాయాలి. ఈ అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇన్నేళ్లలో ఒక సొంత గది కట్టలేకపోయారు.

ఇక సరిహద్దు గొడవ సరేసరి. మా ఇళ్ల కోడళ్లు పురిటికి పుట్టింటికని ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళతారు. అక్కడ వీళ్ల తల్లీబిడ్డల కార్డు చూసి ఇది ఒడిశాదంటారు. తిరిగొస్తే అక్కడ వేసిన టీకా ఇక్కడి రిజిస్టరులో ఎక్కించరు, గర్భిణులకూ బాలింతలకూ ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమత పథకం డబ్బుకు ఇక్కడి సంతకమే కావాలంటారు. 1936లో ఒడిశాను వేరు చేస్తూ గీసిన గీతకు మొన్న పుట్టిన బిడ్డ జవాబుదారీ! ఒకప్పుడు అధికారులు జీపు దిగి పిల్లల కళ్లు, నాలుక చూసేవారు. ఇప్పుడు ఫోటో తీసుకుని వెళతారు.

బిడ్డ కడుపున పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా, ఆ వెయ్యి రోజులు, తల్లికీ బిడ్డకూ సరిగా తిండి అందితే ముందుముందు శిబిరాల ఖర్చు కొంతైనా తగ్గుతుంది. వచ్చే శిబిరానికి వచ్చేటప్పుడు పిల్లల తూకం మిషను ఒకటి మా వార్డులో దింపి వెళ్లమని ఆ అధికారికి మీరైనా చెప్పండి. రిబ్బను మేమే కొనిపెడతాం.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా