పొడి వెలగకపోతే ముందు టార్చిని చూడండి

సంపాదకులకు నమస్కారం.

‘సీసం లేని పెరోవ్‌స్కైట్ తెల్లని వెలుగు’ అని వార్త రాగానే, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు సీసంతో వెలుగుతోందేమోనని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. అలాంటిదేమీ లేదు. అందులో ఉండేది 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో నీలి కాంతినిచ్చే చిప్పు, దాని మీద సీరియం కలిపిన పసుపు ఫాస్ఫర్, అంటే కాంతిని పీల్చి వేరే రంగులో వెలిగే పొడి. సీసంతో పేచీ అంతా హాలైడ్ పెరోవ్‌స్కైట్లది: ఇవి లోహాలు, క్లోరిన్ లాంటి హాలోజన్లు కలిసిన స్ఫటికాలు, బాగా వెలిగేవాటిలో ఎక్కువగా విషపూరితమైన సీసం ఉంటుంది.

ఆ పేచీకి 2018లో ‘నేచర్’ సైన్స్ పత్రికలో ఒక జవాబు వచ్చింది: సీజియం, వెండి, సోడియం, ఇండియం క్లోరైడ్‌లో 0.04 శాతం బిస్మత్. ఒక్క పొడే వెచ్చని తెల్లదనం ఇస్తుంది, క్వాంటం సామర్థ్యం (పీల్చిన కాంతికణాల్లో మళ్లీ కాంతిగా బయటికొచ్చే వంతు) 86 శాతం చుట్టుపక్కల. అయితే దాన్ని వెలిగించాలంటే అతినీలలోహిత (యూవీ) కాంతి కావాలి. 365 నానోమీటర్ల కాంతి లోపలికి వెళ్లి 570 దగ్గర బయటికొస్తే మూడో వంతుకు పైగా శక్తి వేడి కింద పోయినట్టే. అందుకే ఇది ఇంటి బల్బును ఇప్పట్లో కదిలించదని మా అభిప్రాయం.

బెంగళూరు కాలేజీల్లో దీన్ని ప్రాజెక్టుగా తీసుకునే మన పిల్లలు తడబడేది తూకం దగ్గరే. ఒక మిల్లీమోల్ పొడికి సీజియం క్లోరైడ్ 337 మిల్లీగ్రాములు, ఇండియం క్లోరైడ్ 221, సిల్వర్ క్లోరైడ్ 86, సోడియం క్లోరైడ్ 23 చాలు. బిస్మత్ క్లోరైడ్ మాత్రం 0.13 మిల్లీగ్రామే, కాలేజీ త్రాసుకు అందదు. 13 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, అందులోంచి 0.1 మిల్లీలీటరు తీసుకోవాలి. నీళ్లలో వేశారో, ఆక్సీక్లోరైడ్‌గా మారి తెల్లగా అడుగుకు దిగిపోతుంది. ఇండియం క్లోరైడ్ ఇక్కడి వానాకాలంలో సీసా తెరిచిన కాసేపటికే చెమ్మ పీలుస్తుంది. తూకంలో నీరు చేరి ఇండియం తగ్గుతుంది, సిల్వర్ క్లోరైడ్ మిగిలి వెలుతురుకు బూడిదరంగు తిరుగుతుంది.

ఇవన్నీ వేసిన టెఫ్లాన్ కప్పును 10 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మూడింట రెండు వంతులకు మించి నింపకుండా, ఆటోక్లేవ్‌లో (బిగుతుగా మూసే ఉక్కు పాత్రలో) పెట్టి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచి, గంటకు 3 డిగ్రీల చొప్పున 50కి దించాలి. అంటే ఓవెన్ రెండు రోజులకు పైగా ఇంకెవరికీ దొరకదు, ముందే చెప్పి పెట్టుకోండి. వేడిగా ఉండగా మూత జోలికి పోవద్దు. తెరవడం ఫ్యూమ్ హుడ్‌లోనే, అంటే ఆవిర్లను బయటికి లాగేసే అరలోనే.

ఇన్ని చేసినా పొడి వెలగలేదంటే చాలాసార్లు తప్పు టార్చిది. బజారులో చవగ్గా దొరికే యూవీ టార్చీలు ఎక్కువగా 395 నానోమీటర్లవి. ఈ పొడి ఆ కాంతిని దాదాపు పీల్చుకోదు. 365ది కొనండి, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. మీరు కూడా ఇలాంటి వార్త వేసేటప్పుడు ఏ కాంతితో వెలిగించారో ఆ అంకె ఒక్కటి రాయించండి.

– పదార్థ రసాయన శాస్త్ర అధ్యాపకులు, బెంగళూరు