కాలేయ రోగుల సహాయ సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య కుటుంబాలకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోగలిగింది, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బిన సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు) రోగుల కోసం జరిపిన అవగాహన సదస్సు. ఎండోస్కోపీ విభాగం నర్సుగారు వాడేసి పక్కన పెట్టిన బ్యాండింగ్ పరికరం తెచ్చి అందరి చేతికీ ఇచ్చారు. గొట్టం చివర తొడిగే చిన్న పారదర్శకమైన మూత, దాని చుట్టూ వరసగా ఎక్కించిన రబ్బరు బ్యాండ్లు. ఉబ్బిన నాళాన్ని మూతలోకి పీల్చి పిడి తిప్పగానే ఒక బ్యాండు జారి బిగుసుకుంటుంది. "దీనికా నేను రాత్రంతా టెన్షన్ పడింది!" అని ఒక సభ్యురాలు పైకే అనేశారు.

అసలు మాట డాక్టరుగారు తర్వాత చెప్పారు. బ్యాండు రక్తాన్ని ఆపుతుందే గానీ లివర్‌ను బాగుచెయ్యదు. రోగి గట్టెక్కడం చాలావరకు లివర్ పనితీరు మీదే ఉంటుంది. బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), పొట్టలో నీరు, మనిషి అయోమయంలో పడటం, ఈ ఐదింటికీ మార్కులు వేస్తే వచ్చేదే చైల్డ్-ప్యూ స్కోరు. 5-6 అయితే ఎ, 7-9 బి, 10-15 సి. ఉబ్బిన నాళాలు పగిలి రక్తస్రావమైన ఆరు వారాల్లో మరణాలు మొత్తం మీద 15-20 శాతం. ఎ తరగతిలో చాలా అరుదు, సి తరగతిలో 30 శాతం దాకా ఉంటాయి. మద్యం పూర్తిగా మానేసినవాళ్లలో, హెపటైటిస్‌కు మందులు వాడినవాళ్లలో ఈ స్కోరు తగ్గే అవకాశం ఉందని వినగానే చాలామంది తమ రిపోర్టులు తీసి అక్కడే లెక్కలు వేసుకున్నారు.

ఒకసారి బ్యాండ్లు వేయించుకుని "తగ్గిపోయిందిగా" అని మళ్లీ వెళ్లనివాళ్లు మనలోనే ఉన్నారు. నాళాలు పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలకోసారి బ్యాండింగ్ జరగాలి, ఆ నాళాల్లో ఒత్తిడి తగ్గించే ప్రొప్రనలాల్ వంటి మాత్ర డాక్టరు చెప్పినంతకాలం వాడాలి. ఏ చికిత్సా లేకపోతే ఒకటి రెండేళ్లలో దాదాపు 60 శాతం మందికి మళ్లీ రక్తం పడుతుంది.

అందుకే తేదీ గుర్తుచేసే ఫోన్ల పని మొదలుపెట్టాం. పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది మొదటి నెల దాటాక మన ఫోనే ఎత్తలేదు. భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడింది. మలివిడత ఎండోస్కోపీకి విడిగా ఒక రోజు కేటాయించమని ఇచ్చిన అర్జీ బల్లల మీద తిరుగుతూనే ఉంది. వెళ్లినప్పుడల్లా "సార్ లీవులో ఉన్నారు" అన్నదే జవాబు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు. లోటు స్వల్పమే.

డాక్టరుగారికి, నర్సుగారికి, హాలు ఉచితంగా ఇచ్చినవారికి, కుర్చీలు సర్దిన యువకులకు, కరపత్రాలు అచ్చువేయించిన దాతకు, తమ అనుభవం దాచుకోకుండా చెప్పిన సభ్యులకు, వాళ్ల వెంట వచ్చిన కుటుంబసభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

సహాయ కార్యదర్శి పదవి ఇంకా ఖాళీగానే ఉంది. ఫోన్లు చెయ్యగలిగినవాళ్లు సమావేశం ముగిసేలోగా పేరివ్వండి.

కార్యదర్శి