అమెరికాలో పోయింది రిజర్వేషన్ కాదు

సంపాదకులకు,

"అమెరికాయే రిజర్వేషన్లు ఎత్తేసింది, మనకింకా ఎందుకు?" అని 2023 జూన్ 29 నుంచి మనవాళ్లు తరచూ అంటున్నారు. ఆ రోజు అక్కడి సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో తీర్పిచ్చిన మాట నిజమే. కానీ ఎత్తేయడానికి అక్కడ రిజర్వేషన్లుంటే గదా! కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీ జాతులవారికి విడిగా పెడితే, బక్కీ కేసులో కోర్టు 1978లోనే కుదరదంది. మిషిగన్ విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశాల్లో 150 పాయింట్ల లెక్కలో మైనారిటీ జాతులవారికి 20 కలిపితే, 2003లో దాన్నీ కొట్టేసింది. మిగిలిందల్లా మార్కులు, వ్యాసం, సిఫారసు లేఖలతోపాటు అభ్యర్థి జాతిని కూడా ఒక అంశంగా చూసే వెసులుబాటు. ఇప్పుడు పోయింది అది. ఏ ఖాళీ ఏ వర్గానికో ముందే తేల్చే రోస్టర్ పాయింట్లు, కులధ్రువీకరణ పత్రాలున్న మన పద్ధతికీ దానికీ పోలికే లేదు.

అసలు ఆ వెసులుబాటు ఎందుకొచ్చింది? బానిసత్వం 1865లోనే పోయిందిగా అంటారు. ఇంటి అప్పుల చరిత్ర చూడండి. 1930లలో ఒక ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సంస్థ నగరాల పటాలు గీయించి పేటలకు నాలుగు రంగులు వేసింది. నల్లజాతివారుండే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే, అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదమని. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు బ్యాంకులకు హామీ ఇచ్చేది. ఆ హామీ ఉంటేనే తక్కువ డౌన్‌పేమెంటు, ఇరవై ఏళ్ల వాయిదాలు. జాతులు కలిసుండే పేటలు రుణానికి ముప్పని దాని మాన్యువల్లోనే రాసుకుంది. హామీ లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. అందుకే షికాగోలో నల్లజాతి కుటుంబాలు ఇళ్లను కాంట్రాక్టు మీద కొన్నాయి: ఆఖరి వాయిదా కట్టేదాకా రిజిస్ట్రేషన్ ఉండదు, మధ్యలో ఒక్కటి తప్పితే ఇల్లూ పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. మాజీ సైనికుల రుణాల్లోనూ అదే తంతు. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో ప్రభుత్వ హామీ దొరికిన 3,229 రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. రెండంటే రెండే.

1968లో చట్టం ఈ వివక్షను నిషేధించింది. అప్పటికే ఇల్లు కొనుక్కున్నవాళ్ల ఆస్తి విలువ మాత్రం పెరుగుతూ పోయింది. పిల్లల కాలేజీ ఫీజుకు తాకట్టయిందీ, తర్వాతి తరానికి వారసత్వంగా అందిందీ ఆ ఇల్లే. పైగా అక్కడ బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్నుది. ఇళ్ల విలువ తక్కువున్న పేటలో పన్ను రేటు పెంచినా బడికి వచ్చేది తక్కువే. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం మధ్యగత (వరుసలో సరిగ్గా మధ్యనున్న కుటుంబపు) నికర ఆస్తి, అంటే అప్పులు పోను మిగిలేది, తెల్ల కుటుంబానికి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానికి 44,900. జీతాల్లో తేడా ఇంత లేదు. అందుకే "కులం, జాతి వద్దు, ఆదాయం చూస్తే చాలు" అనే వాదన అక్కడ నిలవదు. ఒకే జీతమున్న రెండు కుటుంబాల వెనక ఉన్న ఆస్తి ఒకటి కాదు.

టెక్సస్ 1997లో మరో దారి పట్టింది: ప్రతి హైస్కూల్లోనూ మొదటి 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం. ఇది కొంత పనిచేసింది. బడులు ఇప్పటికీ జాతులవారీగా వేరుపడి ఉండబట్టే పనిచేసింది! అక్కడ డిగ్రీ తర్వాత చదివే మెడిసిన్, లా లాంటి పై చదువులకు ఈ సూత్రం అక్కరకు రాదు.

2023 తీర్పు తర్వాత ఎంఐటీ అనే పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం తొలి బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థులు 13 నుంచి 5 శాతానికి పడిపోయారు, ఆసియా మూలాలవారు 40 నుంచి 47కు పెరిగారు. యేల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల వాటాలో పెద్ద మార్పు లేదు. హార్వర్డ్ "వ్యక్తిత్వ" రేటింగులో ఆసియా పిల్లలకు తక్కువ వేసిందన్న ఫిర్యాదును నేను కొట్టిపారేయను, గణాంకాలు ఆ తేడాను చూపించాయి. కానీ అదే కేసులో బయటపడ్డ ఇంకో లెక్క మనవాళ్ల నోట వినపడదు. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్లవారిలో 43 శాతం క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల పిల్లలు, అధ్యాపకుల పిల్లలు, దాతలవంటివారికి కావలసినవారు. ఈ దొడ్డిదారి జోలికి కోర్టు పోలేదు.

తెలుగు డాక్టర్లకూ ఇంజినీర్లకూ అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపులో వచ్చిందే. అంతకుముందు భారతీయుల కోటా ఏడాదికి 100 మంది. ఆ మేలుకు బదులు తీర్చుకునే దారి ఒకటుంది. పూర్వవిద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని కాలిఫోర్నియా 2025 సెప్టెంబరు నుంచి ప్రైవేటు కాలేజీల్లోనూ నిషేధించింది. అలాంటి చట్టం ఇంకా లేని రాష్ట్రాల్లో దానికోసం అక్కడి తెలుగు సంఘాలు తమ ప్రతినిధులకు లేఖలు రాయొచ్చు.

– ఒక పాఠకుడు, గుంటూరు