జిల్లా అంతా వాన అని రాయబాకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న వాయుగుండం అప్పుడు మీ జిల్లా పేజీలో "జిల్లా అంతటా కుండపోత" అని ఇంత లావు అక్షరాలతో హెడ్డింగ్ పెట్టారు, అది చూసి సముద్రం పక్క ఇందుకూరుపేటలో ఉండే మా అక్క పొద్దున్నే ఫోన్ చేసి ఏరా ఇల్లు కురస్తా ఉందా, గొడ్లని యాడ కట్టేశారు అని ఒకటే కంగారు, నేనేమో అప్పుడు పడమటి కొండల కింద ఉదయగిరిలో వాకిట్లో మంచం మీద కూర్చోని టీ తాగతా ఉండా. మబ్బు పట్టింది, ఈదర గాలి తోలింది, నాలుగు చినుకులు రాలినాయి, అంతే. చూరు కింద పెట్టిన బకెట్ అడుగు కూడా సరిగ్గా తడవలా. అక్కోళ్ళ వీధిలో మాత్రం మోకాల్లోతు నీళ్ళంట.

మీ తప్పని అనట్లేదు, అయినా నెల్లూరు జిల్లా అంటే వరి, చేపలు, రొయ్యలు అనుకునేవాళ్ళకి ఈ జిల్లాకి పడమట వెలిగొండలు ఉండాయని గుర్తుకే రాదు. నైరుతి వాన సగం పడమటి కనుమల్లోనే దిగిపోతది, మనకి మిగిలేది తక్కువ. మన జిల్లాకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యంలోనే, అది సముద్రం మీద నుంచి వచ్చేది కాబట్టి కావలి, కృష్ణపట్నం పక్క దంచి కొట్టి లోపలికి వచ్చే కొద్దీ నీరసపడిపోతది. నెల్లూరు నుంచి ఉదయగిరికి అటూ ఇటూగా వంద కిలోమీటర్లు, ఈ వంద కిలోమీటర్లలో వాన సగం సగం అయిపోతే అదేం వింత కాదు.

పడిందన్నా నిలబడుద్దా అంటే అదీ లేదు. మా ఉదయగిరి కోట ఉండే దుర్గం కొండ 3,079 అడుగులు, పైన అంతా గట్టి రాయి, గోడ కట్టినట్టు నిట్టనిలువుగా ఉంటది. కృష్ణదేవరాయలంతటోడు 1513లో వచ్చి కింద కూర్చుంటే కోట చేతికొచ్చేసరికి 1514 అయింది, ఆ నిటారు కొండ వల్లే. ఆ రాయి మీద పడ్డ నీళ్ళు ఇంకవు, గంటలో వంకలోకి దిగి తెల్లారేసరికి ఎల్లిపోతాయి. రాతి సందుల్లోంచి ఏడాదిలో ఎక్కువ రోజులు ఊట కారే చోట్లని కోన అంటాం, అక్కడే మనోళ్ళు దేవుణ్ణి పెట్టుకున్నారు. పెంచలకోన అట్టాంటిదే, కొంచెం ఉత్తరానికి పోతే భైరవకోనలో ఒకే కొండకి ఎనిమిది శివాలయాలు తొలిచారు. నీళ్ళున్న చోటే దేవుడు సార్.

కింద ఉండే ఊళ్ళకి బోరే దిక్కు. కంది, మినుము, పొగాకు, నాలుగు బర్రెలు, ఇదే మా బతుకు. ఉదయగిరిలో కొయ్య స్పూన్లు చేసే ఇళ్ళు ఉండాయి, నర్ది కొయ్యని చేత్తో చెక్కి కాడ చివర పువ్వు దించుతారు, అంత సన్నపు పని మీరు చూడాల్సిందే, కానీ వాళ్ళ పిల్లోళ్ళు కూడా బెంగళూరు, హైదరాబాద్ పోతా ఉండారు.

మా తమ్ముడు కూడా బెంగళూరులోనే. వాడు ఫోన్లో మీ ఈ-పేపర్ చూసి, నాయనా వాన దంచిందంట కదా మినుము చల్లెయ్ అని చెప్పాడు. మా నాయన ఆ రోజు నా మాట వినలా, పేపర్లో వచ్చిందంటే వచ్చినట్టే అని పైపైన తడిసిన నేలలో ఇత్తనం వేశాడు. మూడో రోజుకి ఎండ కాసింది. సగం మొలవలా, సగం చీమలు మోసకపోయినాయి.

ఇంకోటి, కొండలకి, నెల్లూరులో ఉండే మీకు సంబంధం లేదనుకోబాకండి. 2021 నవంబర్‌లో కడప పక్క చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది, శేషాచలం పక్క పడ్డ వాన పెన్నాలో కలిసి వెలిగొండల్ని చీల్చుకోని సోమశిలలోకి వచ్చింది, అక్కడి నుంచి వదిలితే నెల్లూరు పక్కన కోవూరు, పడుగుపాడు మునిగినాయి. ఆ నీళ్ళు నెల్లూరులో పడ్డ వాన కాదు. అదే సోమశిలలో 78 టీఎంసీలు, కండలేరులో 68 టీఎంసీలు పడతాయి, చెన్నైకి కూడా పోతాయి, మంచిదే, తాగనీ. మాకు మాత్రం, సోమశిల నీళ్ళు మెట్టకి ఎక్కించే హైలెవల్ కెనాల్ అనే మాట ఎలక్షన్లప్పుడు వినబడుద్ది. శ్రీశైలం నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్విన, మాకూ నీళ్ళివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసినప్పుడు మా తమ్ముడు ఇంకా పుట్టలా.

నేనడిగేది చిన్నది. ప్రతి మండలంలో వాన గేజీ ఉంటది, పొద్దున ఎనిమిదిన్నరకి రీడింగ్ తీస్తారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ మిల్లీమీటర్లు మండలాల వారీగా జిల్లా పేజీలో ఒక మూల వెయ్యండి. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు పేర్లు కూడా ఉండాలి, జిల్లా యావరేజ్ మాకొద్దు. మాకు పేపర్ వచ్చేసరికి ఎట్టాగూ పొద్దెక్కుద్ది, నిన్నటి లెక్క ఇయ్యాల వేసినా చాలు. మా నాయన కళ్ళజోడు పెట్టుకోని ముందు ఆ మూలే చూస్తాడు.

ఇట్లు,
ఒక మెట్ట రైతు కొడుకు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా