మిద్దెతోట మిత్రులకు, పువ్వుల ఫొటోల గురించి

అందరికీ నమస్కారమండీ. గ్రూపులో మీరు పెడుతున్న మందారాలు చూస్తుంటే కడుపు నిండిపోతోంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎర్ర మందారాన్ని ఎండలో తీస్తే రేకుల మీది ఈనెలు, ముడతలు కనబడవు, అంతా ఎర్రటి ముద్దలా వస్తుంది. మిగతా రంగులకంటే ముందే ఎరుపు కెమెరాలో నిండిపోవడం వల్ల అలా అవుతుంది. స్క్రీన్ మీద పువ్వును నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరపండి. ఫొటో కొంచెం చీకటిగా అనిపించినా పర్లేదు, ఈనెలు బయటపడతాయి.

పొద్దున్నే, నీడ ఉండగా, గాలి లేనప్పుడు తీయడం అన్నిటికన్నా మేలు. మందారం ఎలాగూ ఒక్కరోజు పువ్వే. మధ్యలో పొడుచుకొచ్చిన కాడ చివర అయిదు చిన్న బొడిపెలుంటాయి, వాటి కిందే పసుపు పుప్పొడి. ఫోకస్ అక్కడ పెట్టండి, ఎంత అందంగా వస్తుందో! ఫోన్ మరీ దగ్గరపెడితే మసకవుతుంది. కాస్త వెనక్కి జరిగి జూమ్ చేయండి.

ఈసారి బంతిపూలు తీద్దామా? మనం రేకు అనుకునే ప్రతిదీ ఓ చిట్టి పువ్వేనండీ, దగ్గరగా తీస్తే మీకే తెలుస్తుంది. కోయకుండా మొక్క మీదే తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కడం మరచిపోకండి.